నక్క దొర చెప్పుల కార్ఖానా

నక్క దొర తన తోలుచెప్పుల కార్ఖానాను మూటగట్టి ఏరు దాటించాడు. అవతలి అడవిలో కోతులు సగం కూలికే కుడతాయట. పని పోయిన కుందేళ్లు ముసలి గేదె మెడ పట్టుకుని బావురుమన్నాయి. పాపం, గేదెకూ ఏడుపొచ్చింది.

కోతులు కూలి పెంచమనగానే దొర కొండ దాటి ఉడతల దగ్గరికి పోయాడు. ఏడాది తిరక్కుండా ఉడతలూ అదే పాట అందుకున్నాయి.

ఒకనాడు కుందేళ్లు గంతులేస్తూ వచ్చాయి. "అవ్వా, దొర మళ్లీ మన దగ్గరికే వస్తున్నాడు! పావు కూలికి ఒప్పుకున్నాం!"

"పోనీలేర్రా, మీ పొట్ట గడిస్తే అంతే చాలు," అంది గేదె.

ఆ సంబరంలోనే పెద్ద కుందేలు దారం తీసి గేదె వీపు కొలవసాగింది.

"ఇదేంట్రా?"

"కూలి అంటే అడవికో రేటు. తోలు మాత్రం ఎక్కడైనా ఊరికే కదవ్వా! కాస్త కదలకుండా నిలబడు."