రోగానికి చెల్లె

"మా కోడికి రోగం అంటిద్దామని వచ్చినవా? నడువు నడువు!"

రాజవ్వ కసిరేసరికి, కోళ్ల కంట్లో వేసే చుక్కల మందున్న ఐసు డబ్బా భుజాన వేసుకుని వాకిట్లో నిలబడ్డ ముసలామె తల దించుకుంది. మెల్లగా వెనుదిరిగింది.

మేడిపల్లికి కాపురానికొచ్చి నెల కూడా నిండని వసంత, అత్త వెనక నుంచి తొంగి చూసింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న నల్లకోడి నిన్ననే పదకొండు గుడ్ల మీద పొదగడానికి కూర్చుంది. వసంతకు ఇంట్లో రోజూ పండుగే.

పెరటి దారిన ఉరికి ముసలామెను పట్టుకుంది.

"అవ్వా, గా చుక్కల మందుల ఏముంది?"

"కొక్కెర రోగమే బిడ్డా."

"అయ్యో! రోగం రావొద్దని రోగమే ఏస్తవా?"

"గా రోగంల రకాలుంటయి. అక్కచెల్లెండ్లనుకో. సూస్తె ఒక్క తీరే, లోపల జరంత తేడా. అక్క అచ్చిందంటే గూడు ఖాళీ. చెల్లె అస్తె రెండు తుమ్ములు తుమ్మిపిచ్చి పోతది. చెల్లెను సూసిన కోడి, అక్కను గుర్తుపట్టి తరుముతది."

"అంటే జీన్లల్ల తేడా. డిగ్రీల సదివిన."

"ఏమో బిడ్డా, మా డాక్టర్ సారు గూడ గదే అన్నడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. పెరట్లో గూటి దగ్గర, కంట్లో చుక్క పడగానే నల్లకోడి వసంత చేతిని పొడిచింది.

పదిహేను రోజులకు వాడ మీద రోగం పడింది. ఇంటింటా గూళ్లు బోసిపోయాయి. నల్లకోడి మాత్రం దగ్గరికెళ్లిన వాళ్లమీదల్లా బుస్సుమంటూనే ఉంది. ఆ వారంలోనే పదకొండు పిల్లలూ లేచాయి.

"అత్తమ్మా, నేనే సాటుంగ సుక్కలేపిచ్చిన."

"ఓసి దొంగదానా!" రాజవ్వ పకపకా నవ్వి, అంతలోనే ఆగింది. "పాపం, ఆమెను ఎంతమాట అంటి! మక్క గారెలు చేస్త. ఆమెకియ్యి. కోడిపిల్లలకు గూడ సుక్కలేపియ్యి."

వారం తర్వాత భర్త మహిపాల్ బండి తోలుతుంటే, ఒళ్లో కోడిపిల్లల గంపతో వసంత కోరుట్ల దాకా నవ్వుతూనే ఉంది.

పశువుల దవాఖానలో గారెల డబ్బా చుక్కల మందు అవ్వకని విని డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

"పోశవ్వ నిన్ననే సిరిసిల్ల దిక్కు పోయిందమ్మా. ఇగ ఇటు రాదు."

"మీ దగ్గర పనిచెయ్యదా సార్?"

"లేదు. మందు తీస్కపోయి తనంతట తనే తిరుగుతది. మునుపు అంగట్ల కోళ్లమ్మేటిది."

"మరి అమ్ముడెందుకు మానేసింది?"

ఆయన ఒక్కో పిల్ల కంట్లో చుక్క వేస్తూ మెల్లగా అన్నాడు:

"పోయినేడు ఆమె అమ్మిన కోళ్లతోనే ఊరూరికి రోగం అంటింది. ఇప్పుడు గవే ఊర్లు తిరుగుతంది."