వీధంతా వినే మాట

అమ్మ ఎడమ చెవికి తెల్లటి కట్టు ఉంది. దొంగ కమ్మ పట్టి లాగినప్పుడు తమ్మె తెగింది.

కుట్లు వేసిన డాక్టరు, వినికిడికేం ఢోకా లేదని ధైర్యం చెప్పాడు. అమ్మకు ఆ చెవి వినపడక ఏళ్లయింది. రెండోదీ అంతే. కూతురు ఆ మాట డాక్టరుకు చెప్పలేదు.

చెవిటి మనిషి ఉన్న ఇంట్లో గుట్టు దాగదు. కూరలో ఉప్పు తక్కువైందన్నా అరిచే చెప్పాలి.

అట్టపెట్టెలు అతికించే పనికి బయల్దేరుతూ కూతురు రోజూ గుమ్మంలో నిలబడి గొంతు చించుకునేది.

"నేను వెళ్తున్నానమ్మా. సాయంత్రం దాకా రాను. ఎవరొచ్చినా తలుపు తియ్యకు."

ఆ రోజు ఇంకో జాగ్రత్త కూడా చెప్పింది.

"వెనక తలుపు గడియ పడట్లేదు. కుర్చీ అడ్డం పెట్టుకో."

అమ్మ బుద్ధిగా తలూపింది. కుర్చీ పెట్టుకుంది కూడా.

వాడు ఆ కుర్చీని తోసుకునే వచ్చాడు. అమ్మ అటు వీపు పెట్టి బట్టలు మడతపెడుతోంది.

"అడిగితే తీసి ఇచ్చేదాన్ని కదా" అంది అమ్మ, కానిస్టేబుల్ వచ్చాక. "అడిగాడేమో మరి. నాకు వినపడలేదు."

కానిస్టేబుల్ గడియ చూశాడు. కుర్చీ చూశాడు.

"పగలంతా ఈవిడ ఒక్కరే ఉంటారని ఎవరెవరికి తెలుసమ్మా?"

"ఎవరికీ తెలీదండీ" అంది కూతురు. "మా పనేదో మాది. ఎవరితోనూ ఏమీ చెప్పుకోం."

గుమ్మం దగ్గర నిలబడ్డ పక్కింటావిడ మంచి మనిషి. కల్లాకపటం తెలీదు. అందుకే అనేసింది.

"అదేంటి, అలా అంటావు? వీధి వీధంతా తెలుసు. నీ కేక వినే కదా నేను రోజూ పొయ్యి వెలిగించేది. ఆ పొద్దున గడియ సంగతి విని, అయ్యో, బాగుచేయించుకుంటే పోయేది కదా అనుకున్నాను."

కానిస్టేబుల్ ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు.

కూతురికి ఏడుపు రాలేదు. పక్కింటావిడకు టీ పెట్టాలేమో అనుకుంది. పెట్టింది కూడా.

మర్నాడు వడ్రంగి వచ్చి వెనక తలుపుకు లోపలా బయటా కొత్త గడియలు బిగించి వెళ్లాడు.

అమ్మ మాత్రం కళ్లు మూయడం మానేసింది. మూస్తే ఇంక ఏమీ తెలీదు కదా. రాత్రీ పగలూ ఆ తలుపు వైపే చూస్తూ మంచం మీద కూర్చుంది. కూతురు పనికి సెలవు పెట్టి పక్కనే కూర్చుంది.

ఇవాళ పొద్దున సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. ఈ రోజూ రాకపోతే ఇక రానక్కర్లేదన్నాడు. తిట్టలేదు, మామూలుగానే చెప్పాడు.

కూతురు అమ్మ కుడి చెవి దగ్గర నోరు పెట్టింది.

"పనికి వెళ్లాలమ్మా."

"ఏంటే?"

మళ్లీ అంది.

"ఒక్క ముక్క వినపడట్లేదు. గట్టిగా చెప్పు."

కిటికీ తెరిచే ఉంది. ఎదురింటి మెట్ల మీద ఎవరో కూర్చుని ఉన్నారు. రోజూ కూర్చునేవాడో, కొత్తవాడో గుర్తు రాలేదు.

కూతురు లేచి, రోజూ నిలబడే గుమ్మంలోనే నిలబడింది. వీధి చివరిదాకా వినపడేలా గొంతెత్తింది.

"పని మానేశానమ్మా. ఇక ఇంట్లోనే ఉంటాను. ఎక్కడికీ వెళ్లను."

అమ్మ ముఖం విప్పారింది.

"ఆ మాత్రం దానికి గుసగుసలెందుకే?"

అది జరిగాక మొదటిసారి దిండు మీద తల వాల్చింది. గోడ వైపు జరిగి, కూతురికి చోటిచ్చి, కళ్లు మూసుకుంది.

గురక మొదలయ్యేదాకా కూతురు ఆ చోట్లో పడుకుంది. తర్వాత లేచి, పనికి తీసుకెళ్లే సంచి భుజాన వేసుకుని, వెనక తలుపు తీసి, చెప్పులు చేతిలోకి తీసుకుని, బయటి గడియ మెల్లగా వేసింది.

అమ్మకు ఎలాగూ వినపడదు. వీధికి వినపడకూడదు.