నోరు మూయని జన్యువు

"బరువు మళ్ళీ తగ్గారే. అన్నం తినట్లేదా?" అని డాక్టరమ్మ అడిగింది.

ప్రూఫ్ రీడర్‌గా రిటైరైన పేషెంటు నేల చూపులు చూశాడు. భార్యే అందుకుంది.

"పెరుగు లేందే ఆయనకు ముద్ద దిగదమ్మా. ఆ పెరుగు నేనే మానిపించాను."

"ఎందుకు?"

"పోయినసారి మీరేగా చెప్పారు. లివర్లో ఒక జన్యువు పాడై, పొద్దస్తమానం పెరుగు, పెరుగు అంటోందని. అడిగిందల్లా పెడితే నెత్తికెక్కదూ?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది.

"అమ్మా, అది అడగట్లేదు. కణాలను ఎదగమని చెప్తోంది. అవసరమైనప్పుడు చెప్పి ఊరుకోవలసింది, ఇప్పుడు నోరు మూయట్లేదు. లివర్లో గడ్డ అందుకే పెద్దదవుతోంది. తినే పెరుగుకూ దానికీ సంబంధం లేదు."

భార్య నెమ్మదిగా భర్త వైపు తిరిగింది.

"ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ దిద్దారు. నా తప్పు మీకు కనబడలేదా?"

"కనబడింది," అన్నాడాయన. "పెరుగు మానిపించిన రోజునుంచే, జబ్బు తగ్గుతుందన్న ధైర్యంతో నీకు కాస్త కునుకు పడుతోంది. దిద్దబుద్ధి వేయలేదు."

ఆమె చేతిసంచి జిప్పు మూసి లేచింది.

"ఇంటికెళ్ళాక గిన్నెడు పెరుగు పెడతాను, తినండి," అంది. "నా నిద్ర సంగతి నేను చూసుకుంటాను."