అల్లుడికి త్రిత్వ పరీక్ష

"పాత నిబంధనలో త్రిత్వం చూపించినవాడికే మా అమ్మాయినిస్తాను."

జీవరత్నం గారు ఈ మాట ఇంట్లో అని ఉంటే ఏ గొడవా లేకపోయేది. నిండు సంఘంలో, ప్రసంగం మధ్యలో అనేశారు. ఆయన నారాయణగూడలో ఒక చిన్న చర్చికి పాస్టరు. అంతకు ముందు బైబిలు కాలేజీలో హెబ్రీ చెప్పిన మాస్టారు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్క దేవుడే అని అందరూ అంటారు, యేసు పుట్టకముందు రాసిన హెబ్రీ లేఖనాల్లో అది ఎక్కడుందో చెప్పమనండి చూద్దాం అని ఆయన ధీమా.

ఇద్దరు వచ్చారు. ఇద్దరూ వెళ్ళారు.

మనిషిని 'చేద్దాం' అన్నాడు కదండీ దేవుడు, ఒక్కడైతే 'చేస్తాను' అనేవాడు కదా అన్నాడు మొదటివాడు. "దూతలతో అన్నాడేమో! రాజులు కూడా అలాగే మాట్లాడతారు" అన్నారు జీవరత్నం గారు. రెండోవాడు సంఘపెద్ద పీరయ్యకు మేనల్లుడు. అబ్రాహాము గుడారానికి వచ్చిన ముగ్గురు అతిథులే త్రిత్వం అన్నాడు. "అందులో ఇద్దరు సొదొమ పట్నానికి వెళ్ళారు. దేవుడిలో రెండు పాళ్ళు ఊరెళ్ళాయంటావా?" అన్నారాయన. మేనల్లుడు కాఫీ కూడా తాగకుండా లేచిపోయాడు. ఆ రోజు నుంచి పీరయ్య మొహం ముడుచుకునే ఉంది.

ఇక మిగిలింది నరేంద్ర. జనగామ వైపు పల్లెటూరి పిల్లాడు. అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్ టూకు చదువుతున్నాడు. చిక్కడపల్లి లైబ్రరీలో పాస్టరు గారమ్మాయి రేణుకా అతనూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. చేసుకుంటే అతన్నే చేసుకుంటానని రేణుక తండ్రికి చెప్పేసింది కూడా.

"ప్రశ్న అందరికీ ఒక్కటే. పీరయ్యగారి ముందే అడుగుతాను" అన్నారు జీవరత్నం గారు.

నరేంద్రకు చర్చి పాటలు వచ్చినంతగా బైబిలు వాక్యం రాదు.

"పాత పేపర్లు ఏమన్న ఉన్నయా?" అని అడిగాడు రేణుకను.

రేణుక ఏకంగా తల్లినే తీసుకొచ్చింది.

విద్యావతి గారు కూరల సంచి పట్టుకుని బయల్దేరి, లైబ్రరీ మెట్ల మీద కూర్చుని పాఠం చెప్పేవారు. జీవరత్నం గారికి ఏదైనా బిగ్గరగా చదువుకునే అలవాటు. ప్రసంగమైనా అంతే, ఇప్పుడు నరేంద్రను అడగబోయే ప్రశ్నలైనా అంతే. ముందుగదిలో ఫ్యాను సరిగ్గా తిరగడం లేదని ఈమధ్య వంటింటి వైపు పచార్లు చేస్తున్నారు. విద్యావతి గారు చిక్కుళ్ళు తుంచుతూ ఒక చెవి అటు వేసి ఉంచేవారు. హెబ్రీ మాస్టారితో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి జవాబులు ఒక లెక్కా?

"అమ్మగారూ, పేపర్ లీకయిందని తెలిస్తే పరీక్షనే రద్దయితది. మాకు గా బాధ ఎర్కే" అన్నాడు నరేంద్ర.

"ఆయనకి తెలిస్తే పరీక్ష కాదు నాయనా, నేను రద్దయిపోతాను. ముందు నువ్వు చదువు."

ఆవిడ ఇంటికి వస్తే జీవరత్నం గారు గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు.

"కూరలకి ఇంతసేపా?"

ఆవిడ సంచిని కొంగు చాటుకు లాక్కున్నారు. "బేరం తెగలేదండీ."

"అయితే రేపు ఇంకాస్త ముందే బయల్దేరు" అని ఆయన పేపర్లో తల దూర్చేశారు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారింట్లో పరీక్ష. పీరయ్య కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"మావోన్ని అడిగినట్లనే అడగాలె అయ్యగారూ. జర గూడ తక్కువ చేయొద్దు."

"ఎక్కువే అడుగుతాను."

అడిగారు. వెలుగు కలగకముందే నీళ్ళ మీద దేవుని ఆత్మ ఉందన్నాడు నరేంద్ర. మండే పొదలో కనబడింది దూత, మాట్లాడింది మాత్రం దేవుడన్నాడు. కాఫీలిచ్చిన రేణుక ఖాళీ పళ్ళెంతో అక్కడే నిలబడిపోయింది.

"మరి సొదొమకి వెళ్ళిన ఇద్దరి సంగతేంటి?"

నరేంద్ర నోరు తెరిచాడు. మూశాడు. మంచినీళ్ళు తాగాడు. పీరయ్య మొహం కొంచెం విప్పారింది. రేణుక కళ్ళు మూసుకుంది.

"వాళ్ళు దూతలే అయ్యగారూ" అన్నాడు చివరికి. "అబ్రాహాము ముంగట ఆగినాయన్నే ప్రభువన్నరు. ముగ్గురొచ్చిండ్రని త్రిత్వమనలేం. కానీ దేవుడు మనిషి లెక్క వచ్చి, చెట్టు కింద కూసొని తిన్నడు. గదైతే ఉంది."

"అంటే త్రిత్వం లేదంటవా?" పీరయ్య లేచి నిలబడ్డాడు.

"కీ వచ్చినంక ప్రశ్నపత్రం చూస్తే జవాబు అండ్లనే ఉన్నట్టు కనబడ్తది పెద్దయ్యా. ముందుగాల చూస్తే కనబడది. మనకు యేసు కీ. గా కీ లేకుండ చదివి, దేవుడు ఒక్కడే అని పట్టుకున్నోళ్ళది తప్పని నేననను. ఒక్కడే అన్న మాటగూడ అండ్లనే ఉంది."

పీరయ్య మళ్ళీ కూర్చున్నాడు.

"మావోడు గిట్ల చెప్పలే" అన్నాడు. "ఇచ్చెయ్యుండ్రి అయ్యగారూ."

జీవరత్నం గారు నరేంద్ర తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. ఆమెన్ అనబోయి రేణుక ఏడ్చేసింది. అంత సంతోషం ఆ పిల్ల ఎప్పుడూ ఎరగదు.

అందరూ వెళ్ళాక విద్యావతి గారు కప్పులు కడుగుతున్నారు. కాపురానికి వచ్చాక భర్తను మోసం చేసింది ఇదొక్కసారే, ప్రభువు క్షమిస్తాడులే అనుకుంటున్నారు. ఇంతలో జీవరత్నం గారు వచ్చి వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డారు.

"ఆ సొదొమ ప్రశ్న నీ చెవిన పడాలని గొంతు చించుకుని చదివాను కదా విద్యా, కుర్రాడికి సరిగ్గా ఎక్కించలేదేం?"