ఆదివారం ఫెర్రీ

ఆ దీవికి ఫెర్రీ ఆదివారం ఒక్కరోజే వస్తుంది. ఉదయం దించిన జనాన్ని సాయంత్రం ఆరింటికి ఎక్కించుకుని వెళ్ళిపోతుంది. మోకాళ్ళ నొప్పులున్న భార్యను రేవులో బెంచీమీద కూర్చోబెట్టి, రిటైర్డ్ సర్వేయరుగారు ఒంటరిగా కొండ ఎక్కారు. దిగేటప్పుడు దారి తప్పారు. రొప్పుకుంటూ రేవు చేరేసరికి చీకటి పడింది. బెంచీ ఖాళీగా ఉంది. ఫెర్రీ దీపాలు నీళ్ళమీద దూరమవుతున్నాయి.

ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో తాను వెంట లేనిదే ఆమె బస్సు కూడా ఎక్కి ఎరుగదు. ఆయన ఫోను చేశారు.

"నేనే! ఫెర్రీ వెనక్కి తిప్పించు!"

అవతల ఆమె నవ్వి, పక్కనెవరితోనో అంది. "ఏమండీ, మీ మతిమరుపు బంగారంగానూ! ఫోను కొండమీదే పారేసుకొచ్చారు. ఎవడికో దొరికింది. పైగా మీ గొంతు అనుకరిస్తున్నాడు! ఇదుగో, మీరే మాట్లాడండి."

"ఎవరికిస్తున్నావే? నేనిక్కడ ఉన్నాను!"

ఫోను చేతులు మారింది. ఎవరో రెండుసార్లు గొంతు సవరించుకున్నారు, అచ్చం ఆయన సవరించుకునే తీరులోనే. ఇంజను హోరు మధ్య ఆయన గొంతే మెల్లగా పలికింది.

"కంగారుపడకండి సార్. ఆ దీవిలో మొదటి రాత్రి ఒక్కటే కష్టం."

"ఎవరు నువ్వు? మా ఆవిడకివ్వు!"

అవతలి గొంతు ఇంకాస్త తగ్గింది.

"పాపం, అలిసిపోయిందండీ. నా భుజంమీద తల వాల్చి కళ్ళు మూసుకుంది. ఇక చెయ్యకండి, నిద్ర చెడుతుంది."