జెడ్డా నుంచి పంజాగుట్టకు

"జెడ్డా నుంచి హైదరాబాద్‌కు విమానం ఎంత సేపు పడ్తదన్నా?"

అమీర్‌పేటలోని ట్రావెల్స్ ఆఫీసులోకి వస్తూనే అడిగాడు విజయేందర్. ఇప్పుడే, పొద్దున తొమ్మిదికి, అత్త పోశవ్వ వాట్సాప్‌లో ఫోన్ చేసింది. అతని భార్య నిరోషకు నెల ముందే పురిటి నొప్పులు మొదలయ్యాయట. సిరిసిల్లలో డాక్టర్లు చేతులెత్తేస్తే పంజాగుట్టలోని ఆస్పత్రికి తెచ్చారట. ఆపరేషన్ చేయాలట. "ఎట్లన్న జేసి రా బిడ్డా" అని ఏడ్చింది. "ఇప్పుడే బయలెల్లుతున్న అత్తా" అన్నాడు. అల్లుడు జెడ్డాలో ఉన్నాడనే ఆమె నమ్మకం.

"నాలుగు వేల కిలోమీటర్లండీ. నేరుగా అయితే ఐదు గంటలు. టికెట్ ఎవరికండీ?" అన్నాడు కౌంటర్ వెనక నుంచి చక్రపాణి.

"టికెట్ వద్దన్నా. జర మొత్తం టైం లెక్కగట్టి చెప్పు. అక్కడ రూంల బయలెల్లినకాంచి పంజాగుట్ట దాకా."

చక్రపాణి వింతగా చూశాడు. "మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టులో ఉండాలి. ఇక్కడ దిగాక తనిఖీలు, సామాను ఓ గంట. శంషాబాద్ నుంచి ఇంకో గంట. పది గంటలు వేసుకోండి. ఏంటి, ఏదైనా పందెమా?"

విజయేందర్ తల దించుకుని బయటికొచ్చాడు. ఆరు నెలల కిందట వాడకట్టంతా దండలేసి జెడ్డాకు సాగనంపితే, వీసా నకిలీదని శంషాబాద్‌లోనే ఆపేశారు. ఆ మొహం పెట్టుకుని ఇంటికి పోలేక అమీర్‌పేట హాస్టల్‌లో దిగి, సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో చేరి, నెలనెలా అమీర్‌పేట బ్యాంకు నుంచే నిరోషకు డబ్బులు పంపుతున్నాడు.

నడుచుకుంటూ పోయి ఆస్పత్రి ఎదుట టీకొట్టు దగ్గర నిలబడ్డాడు. మధ్యలో ఉన్నది ఒక్క రోడ్డు. దాటలేకపోయాడు. విమానంలో ఉన్నవాడి ఫోన్ మోగకూడదు కాబట్టి మధ్యాహ్నం దాన్ని ఆపేశాడు. ఆ ఐదు గంటలూ నిరోష ఉందో లేదో కూడా తెలియదు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా పోయి ఖర్జూరం ప్యాకెట్లు కొన్నాడు, వాటి మీది ధర కాగితాలు గోటితో గీకేశాడు. ఇంత సిగ్గుమాలిన పని ఇంత శ్రద్ధగా చేయగలనని అతనికే అంతవరకు తెలియదు.

లెక్క ప్రకారం రాత్రి ఏడింటికి, హాస్టల్ మిత్రుడి సూట్‌కేసు లాక్కుంటూ వార్డులోకి వెళ్లాడు. పోశవ్వ కళ్లు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"ఆడపిల్ల బిడ్డా. తల్లీపిల్లా మంచిగున్నరు. పాపం, గంత దూరంకెల్లి ఉరికొచ్చినవ్. ఉండు, చాయ్ తెస్త" అని బయటికి వెళ్లింది.

నిరోష కళ్లు తెరిచింది.

"విమానం జర లేటయింది" అన్నాడు, ఆమె మొహం చూడలేక.

ఆమె అతని చేయి పట్టుకుని గొంతు తగ్గించింది. "అమ్మకు నేను చెప్పలే, నువ్వు సుత చెప్పకు. అమీర్‌పేట నుంచి రానీకి పది గంటలు పట్టిందా?"