జాడీలో నీళ్ళు

లేషెక్ ఫోటో తీయబోతుంటే ఆ ముసలాయన మళ్ళీ అడ్డొచ్చాడు.

"కాస్త జరుగు తాతా! మేం చర్చిని చూడ్డానికి వచ్చాం, నిన్ను కాదు."

ముసలాయన జరగలేదు. చేతిలో తులిప్ పూల కట్ట పట్టుకుని లేషెక్ భార్య యొవిత మొహంలోకే చూస్తున్నాడు.

అసలే ఆమె మనసు మనసులో లేదు. క్రాకోవ్‌లో ఉండేది రెండ్రోజులు. మొగుడికి కోట చూడాలని, ఆమెకు తల్లి సమాధి చూడాలని. పురిట్లోనే తల్లి పోయింది. తండ్రి వదిలేసి పారిపోయాడని చెప్పి అమ్మమ్మే తన ఊరు గ్దీన్యాలో పెంచింది. శ్మశానానికి ఇరవై ఏళ్ళకోసారి రుసుము కట్టకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. యొవితకు ముప్పై దాటాయి. కట్టే దిక్కెవరు? సమాధి ఉండదేమోనన్న భయంతోనే పొద్దుట్నుంచీ వెళ్ళకుండా తాత్సారం చేస్తోంది.

"ఏ ఊరమ్మా మీది?" అడిగాడు ముసలాయన.

"గ్దీన్యా. అయితే ఏంటట?"

ఆయన ఇంకో అడుగు ముందుకొచ్చాడు. పూలకట్ట ఆమె చేతిలో పెట్టేశాడు.

యొవిత లెక్క చూసింది. ఆరు.

"సరి సంఖ్యా? చచ్చినవాళ్ళకి పెట్టే పూలు నాకిస్తావా? నేనేమన్నా శవాన్నా?"

"కాదు తల్లీ... మీ అమ్మ..."

"మా అమ్మ జోలికొస్తే మర్యాద దక్కదు!"

పూలు తీసుకెళ్ళి చెత్తకుండీలో విసిరికొట్టింది.

"పొద్దున్నే పట్టించి వచ్చినట్టున్నాడు. పోవయ్యా, పో!" అన్నాడు లేషెక్.

ముసలాయన టోపీ సర్దుకుని ట్రాము వైపు నడిచాడు.

మధ్యాహ్నం శ్మశానంలో యొవితకు ఏడుపు ఆగలేదు. సమాధి ఉంది! రాయి అద్దంలా ఉంది. లుద్విక అన్న తల్లి పేరుకు కొత్తగా రంగు కూడా వేశారు. పక్కనున్న జాడీలో నీళ్ళున్నాయి గానీ పూలు లేవు.

"ఎవరమ్మా దీన్ని చూసుకునేది?" అని అక్కడ ఊడుస్తున్న ఆవిడను అడిగింది.

"ఓ పెద్దాయన. శనివారం శనివారం ఆరు పూలు తెస్తాడు. ఇవాళే ఒట్టి చేతులతో వచ్చాడు."

యొవిత జాడీ వైపు చూసింది.

"పూలేవని... అడగలేదా?"

"అడక్కేం! 'మా అత్తగారు పసిగుడ్డుగా ఎత్తుకుపోయిన నా కూతురు ఊళ్ళోకొచ్చింది, అచ్చం తల్లి మొహమే, పూలు ఇక తనే తెస్తుంది, నేను రానక్కర్లేదు' అని చెప్పి, జాడీ నిండా నీళ్ళు పోసి వెళ్ళిపోయాడు."